రీడర్ కొనేముందు నాలుగు చుక్కల సంగతి చూడండి: రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థకు,
మత్స్యశాఖ కమిషనర్ గారికి,

విషయం: రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలను పట్టే ఆప్టికల్ స్ట్రిప్ రీడర్ల (పరీక్ష స్ట్రిప్ మీది గీతలను కాంతితో చదివే పరికరాల) ఎంపిక, వాడకం గురించి.

ఆర్యా,

స్ట్రిప్ రీడర్లు అమ్మేవాళ్ల డెమో ఎక్కడ చూసినా ఒకే తీరు. అరచేతిలో పట్టే పెట్టె, అందులో ఒక స్ట్రిప్, దానిమీద నాలుగు చుక్కలు, పది నిమిషాలు, తెరమీద ‘నెగెటివ్’. అంతా చక్కగా ఉంటుంది. ఆ నాలుగు చుక్కలు రొయ్యలోంచి ఎలా వచ్చాయి, ఎన్ని గంటలు పట్టింది, మధ్యలో ఏమేం కలిపారు అన్నది మాత్రం డెమోలో ఉండదు. భీమవరం నుంచి నెల్లూరు దాకా ఆక్వా ల్యాబుల్లో ఇలాంటి పరికరాలు పెట్టాలన్న ఆలోచన ఏ స్థాయిలో వచ్చినా, ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

మా మాట సూటిగా చెబుతాం. నైట్రోఫ్యూరాన్ల విషయంలో రీడర్ ఉండాల్సిన చోటు చెరువు గట్టు కాదు, కనీస వసతులున్న మండల స్థాయి ల్యాబ్. ఖర్చు కూడా ముందు పెట్టాల్సింది పెట్టెమీద కాదు, పెట్టెకు ముందు జరిగే శాంపిల్ తయారీమీద. ఈ రెండూ తారుమారైతే కొన్న పరికరాలన్నీ నెగెటివ్ చూపిస్తూ కూర్చుంటాయి, సరుకు మాత్రం రేవులో ఆగిపోతుంది.

ముందు హద్దుల సంగతి. ఐరోపా సమాఖ్య 2019/1871 నిబంధన ప్రకారం 2022 నవంబరు 28 నుంచి క్లోరాంఫెనికాల్‌కు చర్య తీసుకునే హద్దు కిలోకు 0.15 మైక్రోగ్రాములు. నైట్రోఫ్యూరాన్ మెటబొలైట్లకు, అంటే మందు శరీరంలో విరిగాక మిగిలే ముక్కలకు, విడివిడిగా 0.5. అంతకుముందు ఇవే 0.3, 1.0గా ఉండేవి. అంటే పెట్టెమీద ‘ఈయూ ప్రమాణాలకు సరిపడేది’ అని రాసి ఉంటే చాలదు, ఏ ఏడాది ప్రమాణమో అడగాలి. పాత హద్దుకు తయారైన కిట్ కిలోకు 0.8 మైక్రోగ్రాముల నైట్రోఫ్యూరాన్ అవశేషం ఉన్న శాంపిల్‌ను నిజాయితీగానే నెగెటివ్ అంటుంది, ఆ కంటైనర్ మాత్రం అవతలి తీరంలో నిలిచిపోతుంది. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అమలుకు పెట్టుకున్న హద్దు నైట్రోఫ్యూరాన్ మెటబొలైట్లకు 1.0. 2025 డిసెంబరులో కోడిగుడ్లలో నైట్రోఫ్యూరాన్ అవశేషాల మీద గొడవ లేచినప్పుడు అందరూ విన్న అంకె అదే. హద్దు ఉంది కదా అని వాడకానికి అనుమతి ఉందనుకోకూడదు. ఆహార జంతువులన్నిటిలోనూ ఈ మందులు నిషేధమే. అది ల్యాబులు పట్టుకోగలిగే స్థాయికి గీసిన గీత, అంతే.

కిలోకు 0.5 మైక్రోగ్రాములంటే పది టన్నుల రొయ్యలో మొత్తం కలిపి 5 మిల్లీగ్రాములు. ఒక పారాసిటమాల్ 500 బిళ్లలో నూరోవంతు. ఇంత తక్కువ మోతాదు దగ్గర పరికరం చేసే తప్పుల కన్నా చేయి చేసే తప్పులే ఎక్కువ.

పాల కేంద్రాల్లో పెన్సిలిన్ స్ట్రిప్ బాగా పనిచేస్తోంది కదా, రొయ్యకు ఎందుకు చేయదు అన్న ప్రశ్న తరచూ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. పాలలో పెన్సిలిన్ విడిగా, కరిగి ఉంటుంది. హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. పాలు ద్రవం, నేరుగా స్ట్రిప్ ముంచవచ్చు. రొయ్యలో నైట్రోఫ్యూరాన్ అలా దొరకదు. ఫ్యూరజోలిడోన్ అనే నైట్రోఫ్యూరాన్ మందు మేతలో వెళ్లిన కొద్ది గంటల్లోనే శరీరంలో విరిగిపోతుంది. అసలు మందు కోసం వెతికితే ఏమీ కనబడదు. దాని తోక ముక్క, ఏఓజెడ్ అనేది, కండలోని ప్రొటీన్లకు అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ఫ్యూరాల్టడోన్‌కు ఏఎమ్ఓజెడ్, నైట్రోఫ్యూరాంటోయిన్‌కు ఏహెచ్‌డీ, నైట్రోఫ్యూరజోన్‌కు సెమికార్బజైడ్, మనవాళ్లు సెమ్ అని పిలిచేది. ‘మందు ఆపి పది రోజులైంది, ఇప్పుడు పట్టుబడి చేయవచ్చా’ అని, అంటే చెరువులోంచి సరుకు తీయవచ్చా అని, అడిగే రైతుకు చెప్పాల్సిన జవాబు ఇందులోనే ఉంది. నిషేధిత మందుకు విరామ కాలమంటూ ఏదీ లేదు.

ప్రొటీన్‌కు అతుక్కున్న ముక్కను విడదీయాలంటే ఆమ్లం కావాలి. విడిన ముక్క మరీ చిన్నది, స్ట్రిప్‌లో మందును గుర్తుపట్టే ప్రొటీన్, అంటే యాంటీబాడీ, దాన్ని పట్టలేదు. అందుకని 2-నైట్రోబెంజాల్డిహైడ్ అనే మరో అణువును దానికి తగిలించి కాస్త పెద్దది చేస్తారు. స్ట్రిప్‌లోని యాంటీబాడీ గుర్తుపట్టేది ఈ జంటనే. అంటే రొయ్యను నీళ్లలో రుబ్బి, వడగట్టి, ఆ నీళ్లు స్ట్రిప్ మీద పోసే ఏ పద్ధతీ నైట్రోఫ్యూరాన్లను పట్టదు. చెరువు నీళ్లలో స్ట్రిప్ ముంచి ‘చెరువు శుభ్రం’ అని చెప్పే పద్ధతి సంగతి చెప్పనక్కర్లేదు.

ఎలైజా (యాంటీబాడీతో చేసే ల్యాబ్ పరీక్ష) ల్యాబుల్లో ఏళ్లుగా నడుస్తున్న తయారీ క్రమం ఇక్కడ కొంచెం దగ్గర నుంచి చూపిస్తాం, ఎందుకంటే రంగు గీత స్ట్రిప్ అయినా, మెరిసే ఫ్లోరోసెన్స్ స్ట్రిప్ అయినా ఇది తప్పదు. తల, పెంకు, పేగు తీసేసిన కండను మెత్తగా రుబ్బి 1 గ్రాము తూచాలి. 4 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం అర మిల్లీలీటరు, 10 మిల్లీమోలార్ నైట్రోబెంజాల్డిహైడ్ 100 మైక్రోలీటర్లు పోసి బాగా కుదపాలి. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా, సుమారు 16 గంటలు ఉంచాలి. తెల్లారాక 0.1 మోలార్ డైపొటాషియం ఫాస్ఫేట్ 5 మిల్లీలీటర్లు, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 0.4 మిల్లీలీటర్లు, ఇథైల్ ఎసిటేట్ 5 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం గట్టిగా కుదిపి, 3000 జి దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. పైపొరలోంచి 2.5 మిల్లీలీటర్లు తీసి 50 డిగ్రీల దగ్గర నైట్రోజన్ గాలి కింద ఆరబెట్టాలి. మిగిలిన దాంట్లో 1 మిల్లీలీటరు హెక్సేన్, 1 మిల్లీలీటరు బఫర్ (పీహెచ్‌ను నిలిపే ద్రావణం) పోసి, మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి, కింది పొర తీసుకోవాలి. డెమోలో చూసిన నాలుగు చుక్కలు ఆ కింది పొరవి.

ఇందులో ఎక్కడెక్కడ జారతామో చూడండి. ఆమ్లం అర మిల్లీమోల్, సోడియం హైడ్రాక్సైడ్ 0.4 మిల్లీమోల్. మిగిలిన 0.1ని ఫాస్ఫేట్ సర్దుకుని పీహెచ్‌ను 7 చుట్టుపక్కలకు తెస్తుంది. అలవాటు మీద సోడియం హైడ్రాక్సైడ్ సీసా మూత తీసి ఉంచే చోట అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి బలం తగ్గుతుంది, పీహెచ్ గురి తప్పుతుంది. కంట్రోల్ గీత (స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపే గీత) కూడా సరిగా రాకపోతే స్ట్రిప్‌తో పాటు పీహెచ్‌ను కూడా అనుమానించాలి. ఒక పీహెచ్ కాగితం ముక్క చాలు, కాకపోతే అది ఎవరూ వాడరు.

నైట్రోబెంజాల్డిహైడ్‌కు వెలుతురు పడదు. కిటికీ పక్క పారదర్శక సీసాలో ఉంటే అది వేరే పదార్థంగా మారిపోతుంది. అంబర్ సీసాలో, చీకట్లో, కొద్ది కొద్దిగా కలుపుకోవాలి. లెక్క ప్రకారం పోసేది 1 మైక్రోమోల్. హద్దు దగ్గరున్న ఒక గ్రాము శాంపిల్లో ఏఓజెడ్ 5 పైకోమోళ్లు మాత్రమే. రెండు లక్షల రెట్లు ఎక్కువ పోస్తున్నాం కదా, కొంత పాడైనా ఏమవుతుంది అనిపిస్తుంది. కండలోని అమైన్లన్నీ దానికోసం పోటీ పడతాయి, అందుకే అంత పోయడం. ఇంకొకటి. పట్టుబడి తర్వాత రొయ్యకు నల్లమచ్చ రాకుండా వేసే సోడియం మెటాబైసల్ఫైట్ కూడా ఆల్డిహైడ్లను పట్టుకుంటుంది. కిలోకు 100 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న శాంపిల్‌లో, గ్రాముకు అది ఒకటిన్నర మైక్రోమోళ్లు, అంటే మనం పోసిన నైట్రోబెంజాల్డిహైడ్ కంటే ఎక్కువ. దీనివల్ల ఫలితం ఎంత తగ్గుతుందన్నది ఒక్కో కిట్‌కు విడిగా చూడాల్సిన విషయం. సరఫరాదారు దగ్గర ఆ పరీక్ష ఫలితాలు అడగండి. లేవంటే, ప్లాంటు గేటు దగ్గర తీసిన శాంపిళ్లకు ఆ కిట్ వాడకండి. చెరువులోంచి నేరుగా తీసిన రొయ్యకు ఈ చిక్కు ఉండదు.

16 గంటల పనిని 60 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటల్లో ముగించే త్వరిత పద్ధతులున్నాయి. వాటిని మేం కాదనం. కాకపోతే వాటిని సరిచూసే తీరులోనే ఒక కిటుకుంది. శుభ్రమైన రొయ్యలో బయటి నుంచి ఏఓజెడ్ ద్రావణం వేసి ‘95 శాతం తిరిగి వచ్చింది’ అని చూపిస్తారు. అలా వేసిన ఏఓజెడ్ ప్రొటీన్‌కు అతుక్కుని ఉండదు, విడిగానే ఉంటుంది. కాబట్టి అది తగిలించే చర్యను పరీక్షిస్తుంది, విడదీసే చర్యను అసలు పరీక్షించదు. తొట్టెలో రొయ్యకు మందు కలిపిన మేత నిజంగా పెట్టి, ఆ కండను రుబ్బి, ఎల్సీ-ఎంఎస్/ఎంఎస్‌తో (అణువులను బరువును బట్టి గుర్తించే పెద్ద ల్యాబ్ పరికరంతో) విలువ నిర్ధారించిన నమూనా కావాలి. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా గానీ, మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ సీఐఎఫ్‌టీ విశాఖ కేంద్రం గానీ ఇలాంటిది అదుపులో తయారుచేసి ఇవ్వగల సంస్థలు. మిగిలిన రొయ్యను, నీటిని నాశనం చేసే ఏర్పాటుతో సహా. టెండరుకు ముందు ఈ నమూనాను గుప్త సంఖ్యలతో అన్ని కంపెనీలకూ ఇస్తే ఎవరి పెట్టె ఎంతటిదో అక్కడే తేలిపోతుంది.

ఇథైల్ ఎసిటేట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. దాన్ని వ్యాన్‌లోనో, షెడ్డులోనో, మోటారు పక్కన ఫ్యాను కింద ఆరబెట్టడం ప్రమాదం. గట్టు మీద ఈ పరీక్ష వద్దనడానికి అది ఒక్కటే చాలు. ఫ్యూమ్ హుడ్, సెంట్రిఫ్యూజ్, వాటర్ బాత్, నైట్రోజన్ సిలిండర్, 0.01 గ్రాము చూపే త్రాసు, ఏటా కాలిబ్రేట్ చేయించిన పిపెట్లు, ఇన్వర్టర్. కొనుగోలు జాబితాలో రీడర్ పేరు వీటన్నిటి తర్వాత రావాలి. క్లోరాంఫెనికాల్‌కు ఆమ్లం దశ ఉండదు, పని తొందరగా అవుతుంది. అయినా ఇథైల్ ఎసిటేట్, ఆరబెట్టడం తప్పవు.

ఇక పెట్టె లోపలి సంగతి. ఈ స్ట్రిప్‌లలో ఎక్కువ భాగం పోటీ పద్ధతివి. మందు లేకపోతే పరీక్ష గీత ఎర్రగా నిండుగా వస్తుంది, ఉంటే గీత పలచబడుతుంది. గీత వస్తే పాజిటివ్ అనే అలవాటున్నవాళ్లకు ఇది తలకిందులు, శిక్షణలో ముందుగా నేర్పాల్సింది ఇదే. గీతకు రంగునిచ్చేది నలభై నానోమీటర్లకు అటూ ఇటూ ఉండే బంగారు రేణువులు. అవి 520, 530 నానోమీటర్ల మధ్య ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి. అందుకే రీడర్‌లో ఆకుపచ్చ ఎల్ఈడీ ఉండాలి. పరీక్ష గీతను కంట్రోల్ గీతతో భాగించిన నిష్పత్తి చూడాలి తప్ప ఒక్క గీత ముదురుతనం చూడకూడదు.

ఫోన్ కెమెరాతో చదివే యాప్‌లు చవక. ఫోన్ తనంతట తాను వెలుగు సవరించుకుంటుంది, తెలుపును దిద్దుకుంటుంది, ఫొటోను కుదిస్తుంది. పలచని గీతకూ, ఇంకాస్త పలచని గీతకూ ఉన్న తేడా ఆ సవరింపుల్లోనే పోతుంది. హద్దు 0.5కూ దానిలో సగం 0.25కూ మధ్య మనకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే. చీకటి గూడు, స్థిరమైన దీపం, మార్చలేని ఎక్స్‌పోజర్ ఉంటే ఫోన్ కూడా పనికొస్తుంది. అవి లేని యాప్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

మన వాతావరణం వేరు. మే నెలలో 42 డిగ్రీల ల్యాబ్‌లో చర్య వేగంగా నడుస్తుంది, పొర త్వరగా ఆరుతుంది. డిసెంబరు తెల్లవారుజామున అదే స్ట్రిప్ మందకొడిగా ఉంటుంది. ఎనిమిది నిమిషాలకు చదవాల్సిన దాన్ని పదిహేనుకు చదివితే గీత ముదురుతుంది, ఉన్న మందు లేనట్టు కనబడుతుంది. కాబట్టి 25 డిగ్రీల దగ్గర నిలిపే గూడు ఉన్న రీడర్, టైమర్ ముగిసిన క్షణాన తానే చదివేది కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పొట్లాన్ని వెంటనే చింపకూడదు. కోస్తా తేమకు చల్లటి స్ట్రిప్ మీద నీరు పట్టి, పొర ఎగుడుదిగుడుగా తడిసి, ద్రవం ఒక పక్కగా పాకుతుంది. పొట్లం గది వేడికి వచ్చేదాకా అరగంట ఆగాలి. పొట్లంలోని తేమ పీల్చే సిలికా గుళికల రంగు మారి ఉంటే ఆ స్ట్రిప్‌ను పారేయాలి.

రొయ్యలోని ఎర్ర రంగు, ఆస్టాజాంతిన్, ఇథైల్ ఎసిటేట్‌లోకి వచ్చేస్తుంది. పైన చెప్పిన హెక్సేన్ కడుగుడు దాన్నీ కొవ్వునూ తీసేయడానికే. ఖర్చు తగ్గించాలని ఆ దశ ఎత్తేసిన చోట స్ట్రిప్ మీద గీతల చుట్టూ అంతా గులాబీ రంగు కమ్ముకుంటుంది. యూరోపియం రేణువుల ఫ్లోరోసెన్స్ స్ట్రిప్‌లు ఇక్కడ నయం. 365 నానోమీటర్ల వెలుగు పడితే 615 దగ్గర మెరుస్తాయి. ఆ మెరుపు మైక్రోసెకండ్ల కొద్దీ నిలుస్తుంది గనుక, రొయ్య కండ సొంత మెరుపు ఆరిపోయాక చదివే రీడర్ దొరికితే తక్కువ మోతాదుల్లో స్పష్టత పెరుగుతుంది. 0.15 క్లోరాంఫెనికాల్‌కు మేమైతే బంగారు స్ట్రిప్ కన్నా దీన్నే ఎంచుకుంటాం. ఎరుపు నుంచి నీలానికి మారే బంగారు ద్రావణం, ఆప్టమర్ (యాంటీబాడీకి బదులు వాడే చిన్న డీఎన్ఏ ముక్క) పద్ధతులు పరిశోధన పత్రాల్లో అందంగా కనబడతాయి. రొయ్యలోని ఉప్పే ఆ రేణువులను గడ్డకట్టించి నీలం చేస్తుంది. ఎస్పీఆర్, రామన్ అనే కాంతి పరికరాలు పెద్ద ల్యాబ్ వ్యవహారం, మండలానికి ఇప్పట్లో వద్దు.

‘కనిష్ఠ గుర్తింపు స్థాయి 0.05 పీపీబీ’ (కిలోకు 0.05 మైక్రోగ్రాములు) అని కరపత్రంలో రాస్తే మోజు పడకండి. అది శుభ్రమైన బఫర్‌లో, ఏసీ గదిలో తీసిన అంకె కావచ్చు. అడగాల్సింది వేరు: హద్దులో సగం దగ్గర, అంటే 0.25 దగ్గర మందు వేసిన వేర్వేరు రొయ్య శాంపిళ్లలో ఎన్నిటిని పట్టింది? ఐరోపా రిఫరెన్స్ ల్యాబుల మార్గదర్శకం ప్రకారం పరీక్షించే మోతాదు హద్దులో సగమో అంతకన్నా తక్కువో అయితే 20 శాంపిళ్లు చాలు, ఒక్కటి మించి తప్పిపోకూడదు. సగానికీ 90 శాతానికీ మధ్య అయితే 40, హద్దుకు ఇంకా దగ్గరైతే 60. తప్పిపోయేవి 5 శాతం దాటకూడదన్నదే లెక్క. శాంపిళ్లు కూడా ఒకే చెరువువి కాకూడదు. వనామీ, టైగర్ రకాలు, ఉప్పు ఎక్కువున్న చెరువు, తక్కువున్న చెరువు, 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు), 30 కౌంట్ అన్నీ ఉండాలి. పాజిటివ్, నెగెటివ్‌లను వేరుచేసే కట్ ఆఫ్ నిష్పత్తిని ఈ పరీక్షల నుంచే తీయాలి. కంపెనీ ముందే పెట్టి పంపిన అంకెను నమ్మకూడదు.

రోజువారీ పనిలో ప్రతి బ్యాచ్‌తో పాటు ఒక శుభ్రమైన రొయ్య, 0.25 వేసినది ఒకటి, 0.5 వేసినది ఒకటి ఆమ్లం దశ నుంచే నడవాలి. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా ఆ రోజు ఫలితాలేవీ బయటకు వెళ్లకూడదు. రీడర్‌కు రోజూ పొద్దున ప్రామాణిక కార్డు చూపి, 5 శాతం మించి జరిగితే పక్కన పెట్టాలి. రీడర్ పాజిటివ్, నెగెటివ్ అన్న మాట ఒక్కటే దాచుకుంటే లాభం లేదు. రెండు గీతల విలువలు, నిష్పత్తి, లాట్ నంబరు, గది వేడి, సమయం అన్నీ మార్చలేని విధంగా భద్రపరచాలి. ఫలానా లాట్ చెడ్డదని ఆరు నెలల తర్వాత తేలితే వెనక్కి వెళ్లి చూసుకునేది వాటిలోనే.

శాంపిల్ తీయడం మీద ఒక్క మాట. మేత తనిఖీకి నీటిలో దించే చెక్ ట్రేలో చేరిన రొయ్య తీసుకొస్తే అది మేతకు వచ్చిన రొయ్య మాత్రమే. విసురు వలతో నాలుగు మూలలా, మధ్యలో తీసి కలపాలి. కలిపినది మూడు పాళ్లు చేసి, ఒకటి పరీక్షకు, ఒకటి నిర్ధారణకు, ఒకటి రైతు పేరున సీలు వేసి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. పట్టుబడికి పది, పదిహేను రోజుల ముందే ఇదంతా జరగాలి. ఐస్ క్రేట్లు గట్టు మీదికి వచ్చాక చేసే పరీక్షకు ‘ఆగండి’ అని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

తలా పెంకూ తీయాలని పైన అన్నాం. సెమ్ దగ్గర ఇది మరీ ముఖ్యం. నీలకంఠ రొయ్య పెంకులో సెమికార్బజైడ్ ఏ మందూ వాడకుండానే కనబడుతుంది. పెంకుతో కలిపి రుబ్బితే నిర్దోషి రైతు నైట్రోఫ్యూరజోన్ వాడినవాడవుతాడు. దీనికి తోడు కొన్ని లోహపు మూతల లోపలి ప్లాస్టిక్ పొరలో వాడే అజోడైకార్బనమైడ్ వేడికి సెమ్ విడుదల చేస్తుంది. 2003లో ఐరోపాలో గాజు సీసాల పిల్లల ఆహారంలో అలాగే బయటపడింది. ఒలిచేవాళ్ల చేతి పుళ్లకు రాసే పసుపు నైట్రోఫ్యూరజోన్ ఆయింట్‌మెంట్, కళ్లకు పెట్టే క్లోరాంఫెనికాల్ మందు కూడా ఇదే కోవలోవి. ప్లాంటుల్లో, శాంపిల్ తీసే సిబ్బందిలో ఈ మందులు వాడేవాళ్లను ఆ పనికి దూరంగా ఉంచాలని రాతపూర్వకంగా ఆదేశించాలి.

ప్రోబయోటిక్ పొట్లాలు, మేత మందులు తనిఖీ చేయాలనేవారితో మేం పూర్తిగా ఏకీభవిస్తాం. రైతుకు తెలియకుండానే పొట్లంలో మందు వచ్చే దారి అదే. చేప మేతల నాణ్యతపై 2020 చట్టం మీ చేతిలోనే ఉంది. వాటిని రొయ్య పరీక్షించే గదిలోకి మాత్రం రానివ్వకండి. ఒక్క మిల్లీగ్రాము ఫ్యూరజోలిడోన్ పొడిలో ఉండే ఏఓజెడ్ సుమారు 900 కిలోల రొయ్యను హద్దు దాకా తీసుకెళ్లగలదు. పొట్లం చింపినప్పుడు గాలిలో లేచే పొడే ఆ రోజు శాంపిళ్లన్నిటినీ పాజిటివ్ చేస్తుంది. వేరే గది, వేరే త్రాసు, వేరే కోటు. పైగా పొట్లాల్లో మోతాదు ఎక్కువ గనుక అంత సున్నితమైన స్ట్రిప్ అక్కర్లేదు. నైట్రోఫ్యూరాన్లు 365 నానోమీటర్ల దగ్గర బాగా కాంతి పీల్చే పసుపు పదార్థాలు. డయోడ్ అరే (కాంతి పీల్చడాన్ని కొలిచే భాగం) ఉన్న మామూలు హెచ్‌పీఎల్‌సీ, అంటే పదార్థాలను విడదీసి కొలిచే పరికరం, సరిపోతుంది.

చివరిగా, ఫలితం బయటకు వచ్చాక ఏం జరుగుతుంది? వెయ్యి చెరువులు పరీక్షించారనుకుందాం. నిజంగా తప్పున్నవి పది. మంచి శాంపిళ్లలో 5 శాతాన్ని స్ట్రిప్ పొరపాటున పట్టుకుంటుంది. అంటే పది నిజమైనవి, దాదాపు యాభై అబద్ధపువి. పట్టుబడ్డ అరవైలో యాభై మంది ఏ పాపం ఎరుగరు. మందును తప్పిపోనివ్వకుండా కట్ ఆఫ్ పెట్టిన ఏ పరీక్షకైనా ఈ లక్షణం ఉంటుంది. అందుకని స్ట్రిప్ కాగితం మీద ‘పాజిటివ్’ అన్న మాట అచ్చు కాకూడదు. ‘నిర్ధారణకు పంపాలి’ అనే రావాలి. ఆ కాగితం కొనుగోలు ఏజెంట్ చేతికి వెళితే కౌంటు రేటు అక్కడికక్కడే కోత పడుతుంది, నిర్ధారణలో నెగెటివ్ వచ్చాక ఆ డబ్బు తిరిగి ఇచ్చేవాళ్లు లేరు. కాబట్టి స్క్రీనింగ్ ఫలితం రైతుకూ మీ సంస్థకూ తప్ప మూడోవారికి చేరకుండా ఉత్తర్వు కావాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో ఎల్సీ-ఎంఎస్/ఎంఎస్ నిర్ధారణ 72 గంటల్లో రావాలి, దాని ఖర్చు రైతు మీద పడకూడదు. నిర్ధారణ అయితే ఆ చెరువు సరుకు ఎగుమతికి గానీ స్థానిక మార్కెట్‌కు గానీ కదలకూడదు. విశాఖ, హైదరాబాద్ చేపల మార్కెట్లలో కొనేవాళ్ల కడుపు ఐరోపావాళ్ల కడుపుకు తీసిపోదు.

2016లో ఐరోపా మన చెరువు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికాలో 16-124, 16-127, 16-129 దిగుమతి హెచ్చరికల జాబితాలోకి ఎక్కిన సంస్థ సరుకును తెరిచి చూడకుండానే ఆపేస్తారు. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహార జంతువుల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఆ నిషేధం అమలు ఆక్వా మందుల షాపు అరమీదే మొదలు కావాలి, పట్టుబడి రోజున రైతు గట్టు మీద కాదు.

రీడర్ల కోసం ఏ ప్రకటన జారీ అయినా అందులో పైన చెప్పిన వాటిలో కనీసం మూడు తప్పనిసరి నిబంధనలుగా చేర్చాలని కోరుతున్నాం. మందు మేపిన రొయ్య నమూనాతో గుప్త పరీక్ష. 0.25 మైక్రోగ్రాముల దగ్గర రొయ్యలోనే తీసిన 20 శాంపిళ్ల ఫలితాలు, ముడి విలువలతో సహా. మెటాబైసల్ఫైట్ ఉన్నప్పుడు కిట్ ఎలా పనిచేస్తుందో నివేదిక. మొదటి విడతగా భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో ఒక్కో ల్యాబ్‌లో ఒక వేసవి, ఒక శీతకాలం నడిపి, ప్రతి పదో నెగెటివ్‌ను కూడా ఎల్సీ-ఎంఎస్/ఎంఎస్‌కు పంపి చూడండి. పాజిటివ్‌లనే తిరగ పరీక్షిస్తే తప్పిపోయినవి ఎన్నో ఎప్పటికీ తెలియదు. ఆ పట్టికను రైతు సంఘాలకూ ప్రాసెసింగ్ ప్లాంటులకూ ఒకే రోజున ఇవ్వండి.

ఇట్లు,
కోస్తా జిల్లాల్లో ఆహార అవశేష పరీక్షల పని తెలిసిన విశ్లేషకులు, ఆక్వా సాంకేతిక నిపుణులు